ఖాళీగా ఉండిపోయిన ఎర్ర సాకెట్టు

మొన్న మా ఇంట్లో కొత్త టీవీ బిగించటానికి వచ్చినతను పావుగంటలో పని ముగించుకుని వెళ్ళిపోయాడు. టీవీకీ సౌండు పెట్టెకీ మధ్య ఒకే ఒక్క తీగ. ఎడమ, కుడి, సమస్త శబ్దమూ అందులోనే. తప్పుగా పెడదామన్నా దూరదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీరు అదృష్టవంతులు. మా రోజుల్లో తప్పు చెయ్యటానికి బోలెడంత చోటుండేది. ఆ చోటును నేనెలా వాడుకున్నానో, దానివల్ల ఒక మంచి హార్మోనియం విద్వాంసుడు తన చెవుల మీద తానే ఎలా నమ్మకం పోగొట్టుకున్నాడో చెబుతాను. నన్ను నేను తిట్టుకోవటానికి మాత్రమే కాదు, మీకు ఎక్కడైనా పనికొస్తుందేమోనని.

చిలకలూరిపేటలో ఒక పెద్ద టీవీల షాపులో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాను. అమ్మటం నా పని కాదు. అమ్మినదాన్ని ఇంటికి తీసుకెళ్ళి, బిగించి, మోగించి, ఎలా వాడాలో చూపించి రావటం నా పని. మాకు పత్తి సీజను, మిర్చి సీజను అని రెండు ఉండేవి. మిర్చి సీజనే అసలుది. రైతులు గుంటూరు యార్డులో కాయ అమ్ముకుని, తిరిగొచ్చే దారిలో మా షాపు ముందు దిగేవాళ్ళు. చొక్కాల నిండా ఎర్రటి దుమ్ము. ఒకాయన కౌంటరు మీద చెయ్యి ఆనించి మాట్లాడి వెళితే, తర్వాత వచ్చినాయన తుమ్మటం మొదలుపెట్టేవాడు. వేసవి మూడు నెలలూ షాపంతా తుమ్ములే. బేరాలు ఎలా ఉన్నాయని ఓనరు ఫోనులో అడిగితే, తుమ్ములు వినపడటం లేదాండీ అనేది మా కంప్లైంట్లు రాసుకునే ఆవిడ.

ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. నాకంటే చిన్నది. టీవీల గురించి ఏమీ తెలియదని తనే చెప్పుకునేది. కానీ కస్టమరు ఫోనులో ఏ మాట అంటే ఆ మాటే కార్డు మీద రాసేది, తన తెలివి కలిపేది కాదు. 'బొమ్మకి జలుబు చేసింది' అని ఒక ముసలమ్మ అంటే అలాగే రాసింది. మేమంతా నవ్వాం. వెళ్ళి చూస్తే నిజంగానే బొమ్మ జలుబు చేసిన మొహంలా ఎర్రగా ఉబ్బి ఉంది. ఆ కార్డులన్నీ గోడకు కొట్టిన ఒక మేకుకు గుచ్చి ఉండేవి. పని అయ్యాక మేము దాని మీద ఏం చేశామో రాసి, కస్టమరుతో సంతకం పెట్టించుకుని, మళ్ళీ ఆ మేకుకే గుచ్చాలి.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిందనుకుంటాను. ఆ సీజనులో మిర్చికి మంచి రేటు పలికింది. పర్చూరు దారిలో ఒక ఊరి నుంచి ఒక రైతు వచ్చాడు. పెద్ద టీవీ, డిస్కు ప్లేయరు, దాంతోపాటు ఆ రోజుల్లో మా షాపులో ఏడాదికి నాలుగు కూడా అమ్ముడుపోని ఆడియో రిసీవరు, స్పీకర్లు తీసుకున్నాడు. రిసీవరంటే ఏమిటో ఆయనకు పెద్దగా తెలియదు. శబ్దం ఖంగుమని రావాలి, మా నాన్న కోసం అన్నాడు.

వాళ్ళ నాన్న హార్మోనిస్టు. పౌరాణిక పద్య నాటకాలకు నలభై ఏళ్ళుగా హార్మోనియం వాయిస్తున్న మనిషి. ఊళ్ళో అందరూ మాస్టారు అనేవాళ్ళు. ఆయన వాయించిన నాటకాన్ని ఎవరో వీడియో తీసి డిస్కు చేశారు. జీవితంలో మొదటిసారి ఆయన వాయిద్యం ఒక డిస్కు మీదికి ఎక్కింది. దాన్ని మంచి శబ్దంతో తండ్రికి వినిపించాలని కొడుకు కోరిక.

కొత్తగా కట్టిన ఇల్లు. టీవీ, దానికి కలిపిన డిస్కు ప్లేయరు హాల్లో ఒక గోడకు, రిసీవరు ఎదురుగోడ మూల, మాస్టారి పడక్కుర్చీ పక్కన. మధ్యలో గోడలోంచి సన్నటి పైపు పోనిచ్చారు. ఇక్కడ కొంచెం తీగల గురించి చెప్పక తప్పదు. అప్పట్లో టీవీ వెనక మూడు రంగుల సాకెట్లుండేవి. పసుపు బొమ్మకి, తెలుపు ఎడమవైపు శబ్దానికి, ఎరుపు కుడివైపు శబ్దానికి. రిసీవరుకు శబ్దం మాత్రమే చాలు కాబట్టి తెలుపు, ఎరుపు రెండూ కలపాలి. షాపులో అమ్మే రెండు తీగల కేబులు ఆ గోడ దాకా అందదు. అందినా దాని చివరి పిన్నులు ఆ పైపులో దూరవు. సరైన పని ఏమిటంటే, పొడుగు తీగలు రెండు విడివిడిగా పైపులోంచి లాగి, రెండు చివర్లా పిన్నులు సోల్డరు చేసుకోవటం.

నా సంచీలో డిష్ కనెక్షనుకు వాడే తీగ చుట్ట ఉంది. శబ్దానికి అది పనికిరానిదేమీ కాదు. మొదటి తీగ సులువుగానే దూరింది. రెండోది వంపు దగ్గర ఇరుక్కుంది. లాగి చూశాను, తోసి చూశాను. ఈలోగా ఇంటావిడ హారతి పళ్ళెం పట్టుకుని వచ్చి నిలబడింది. మా వైపు కొత్త టీవీ వేసేముందు దానికి బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి, ముందుగా దేవుడి పాట వినిపించటం అలవాటు. అరగంటలో వర్జ్యం వస్తుంది, ఆలోగా మోగాలని కొడుకు చెప్పాడు. నాకు ఆ రోజు ఇంకా ఐదు ఇళ్ళున్నాయి.

రెండో తీగ వదిలేశాను. టీవీ తెల్ల సాకెట్టు నుంచి ఒకే తీగ తెచ్చి, రిసీవరు దగ్గర ఒకటి రెండుగా చీలే పిన్ను పెట్టి, ఎడమ కుడి రెండింటికీ అదే ఇచ్చాను. స్పీకర్లన్నీ మోగాయి. దేవుడి పాట ఇల్లంతా నిండింది. వార్తలు పెడితే చదివే ఆవిడ మన మధ్యే కూర్చున్నట్టుంది. ఆ రోజుల్లో టీవీ కార్యక్రమాల్లో ఎక్కువభాగం ఎడమకీ కుడికీ తేడా లేని శబ్దమే, కాబట్టి ఏ లోటూ తెలియలేదు. వర్జ్యం పోయాక కూర్చుని రెండో తీగ లాగి ఉండొచ్చు. వాళ్ళు భోజనం కూడా పెట్టారు. తిన్నాను, లాగలేదు.

మాస్టారు మాత్రం టీవీ వెనక్కి వంగి చూశాడు.

"ఈ ఎర్రది ఖాళీగా ఉందేమయ్యా?"

"అది అదనపుదండీ. అవసరమైతేనే వాడతాం."

ఆయన తలూపాడు. హార్మోనియంలో కూడా కొన్ని మెట్లు ఏడాదికోసారి తప్ప వాడను, వాటిలాంటిదన్నమాట అన్నాడు. నేను అవునండీ అన్నాను.

నాలుగు రోజులకు ఫోనొచ్చింది. మా ఆవిడ, అంటే కంప్లైంట్ల ఆవిడ, కార్డు రాసి నా చేతికిచ్చింది. 'హార్మోనియం వినపడటం లేదు.' ఈసారి కూడా అందరం నవ్వాం. సీజను ఒత్తిడిలో పది రోజులు ఆ కార్డును జేబులో వేసుకుని తిరిగాను. ఆవిడ రోజూ పొద్దున్నే, మాస్టారింటికి వెళ్ళారా అని అడిగేది. ఆమె పోరు పడలేక వెళ్ళాను.

మాస్టారు డిస్కు పెట్టాడు. రాజు వేషంలో ఉన్న నటుడు పద్యం ఎత్తుకున్నాడు. గొంతు స్పీకర్లలోంచి గంభీరంగా వస్తోంది. హార్మోనియం మాత్రం ఎక్కడో పెరటిగోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టుంది. మాస్టారు కళ్ళు మూసుకుని, వేళ్ళు గాలిలో కదిలిస్తూ అన్నాడు.

"ఇక్కడ ఆయన రాగం లాగుతాడు. ఊపిరి తీసుకునేటప్పుడు నేను అందుకుంటా. ఇదిగో, ఇప్పుడు. వినపడిందా?"

"వినపడుతోందిగా," అంది వాళ్ళావిడ వంటింటి గడపలోంచి. ఆమె చెప్పింది అబద్ధం కాదు. వినపడుతోంది, లీలగా. ఎక్కడ ఏ స్వరం ఉండాలో తెలియనివాళ్ళకు అది చాలు.

"వినపడుతోందండీ," అన్నాను నేను కూడా.

"పాత టేప్ రికార్డర్లో హార్మోనియం గంట కొట్టినట్టు వినపడుద్దే. మరి ఇందులో ఎందుకు వినపడదు?"

ఆ క్షణం నా ఎదురుగా రెండు దారులున్నాయి. ఒక తీగ తక్కువ వేశానని నాకు తెలుసు. హార్మోనియం వినపడకుండా పోవటానికి అదే కారణమా అన్నది కచ్చితంగా తెలియదు, కానీ అనుమానం మాత్రం వచ్చింది. తెలుసుకోవాలంటే పైపులోంచి అంతా మళ్ళీ లాగాలి. రెండు గంటల పని, పైగా మొదటిసారి సరిగ్గా చెయ్యలేదని ఒప్పుకున్నట్టవుతుంది. పదేళ్ళుగా కస్టమర్లతో మాట్లాడి మాట్లాడి నా నోటికి ఒక సాఫీతనం వచ్చింది. అది నాకంటే ముందే మాట్లాడేసింది.

"పాత పెట్టెల్లో శబ్దం సగమే వస్తుంది మాస్టారూ. ఆ సగం చెవికి తేలిగ్గా అందుద్ది. ఇందులో మొత్తం వస్తుంది. దాన్ని అందుకోవాలంటే చెవి కుర్రగా ఉండాలి. వయసు మీద పడ్డాక కొన్ని స్వరాలు అందవండీ."

ఆయన రిమోటు తీసుకుని డిస్కు ఆపాడు.

"కొన్ని స్వరాలా?"

"కొన్నేనండీ. చాలామందికి ఉండేదే."

"అయ్యుండొచ్చులే. అరవై అయిదు దాటినయ్యి," అన్నాడు.

కార్డు మీద రాశాను: 'సెట్టు బాగుంది. కస్టమరుకు వినికిడి లోపం.' సంతకం పెట్టమని ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, రాసింది పూర్తిగా చదివి, గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టాడు. నాకు మజ్జిగ ఇప్పించాడు. వచ్చేటప్పుడు ఒక కాగితం పొట్లంలో ఎండుమిరపకాయలు ఇచ్చి, మా చేలోవి, కారం దంచుకోమని అన్నాడు.

మేకుకు కార్డు గుచ్చేటప్పుడు కంప్లైంట్ల ఆవిడ చదివింది. హార్మోనియం వాయించే ఆయనకు వినికిడి లోపమా అంది. అదే మరి తమాషా అన్నాను. ఆవిడ నవ్వలేదు.

వానాకాలం వచ్చింది. సీజను అయిపోయి షాపు ఖాళీగా ఉండే రోజులు. ఒక మధ్యాహ్నం మిక్సీ కొనటానికి ఒకాయన వచ్చాడు. మనిషి పొట్టివాడు, గొంతు మాత్రం షాపంతా వినపడుతోంది. ఈ గొంతు ఎక్కడో విన్నాననుకుంటూ ఉండగానే గుర్తొచ్చింది. డిస్కులో రాజు వేషం వేసింది ఈయనే. మాటల్లో తెలిసింది ఆ నాటక సమాజాన్ని నడిపేది కూడా ఈయనే అని. నేను ఊరుకోకుండా, మీ హార్మోనియం మాస్టారు బాగున్నారా అని అడిగాను.

"ఆయన మానేశాడండీ. రేపు దసరా నాటకాలకి తాంబూలం ఇస్తే తిరిగిచ్చేశాడు."

ఎందుకని అడిగింది కంప్లైంట్ల ఆవిడ.

"చెవి పోయిందంట. మాకైతే ఏ తేడా కనపడలా. టీవీ బిగించటానికొచ్చిన టెక్నీషియనే చెప్పాడంట, కొన్ని స్వరాలు అందటం లేదని. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే కూర్చుని ఒక్కో మెట్టూ నొక్కి వింటాడు. అన్నీ వినపడతన్నయ్యిగా అంటే, వినపడనివి ఏవో వినపడకపోతే ఎట్టా తెలుస్తయ్యిరా అంటాడు. దానికేం చెప్తాం మనం?"

హార్మోనిస్టు శ్రుతి తప్పిస్తే పరువు పోయేది నటుడిదట. నడి స్టేజీ మీద ఇంకొకడి పరువు తియ్యలేనని చెప్పాడట మాస్టారు. సమాజం వాళ్ళు బతిమాలి బతిమాలి, చివరికి చీరాల నుంచి వేరే అతన్ని మాట్లాడుకున్నారు. అతను బాగానే వాయిస్తాడుగానీ, పద్యం నేనెక్కడ ఆపుతానో తెలుసుకునేలోపే అతను ఆగిపోతాడని ఈయన బాధ.

ఆయన మిక్సీ తీసుకుని వెళ్ళాక ఆవిడ లేచి, మేకు నుంచి కార్డులన్నీ దించి, ఒక్కొక్కటే తిరగేసి, ఆ కార్డు తీసి నా ముందు పెట్టింది.

"ఇది మీ చేతిరాతే కదండీ?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను తిట్టిన కస్టమర్లున్నారు, ఓనర్లున్నారు. ఆ ప్రశ్న అంత గట్టిగా ఏదీ తగల్లేదు.

మర్నాడు సెలవు పెట్టాను. కార్డు మూసేసిన కంప్లైంటుకి మళ్ళీ వెళ్ళటమేమిటని ఓనరు విసుక్కున్నాడు. మోపెడ్ మీద, మంచి ఆడియో తీగలు రెండు చుట్టలు, సోల్డరింగ్ సామాను, ఒక సబ్బుబిళ్ళ పెట్టుకుని బయల్దేరాను. దారి పొడుగునా పత్తి చేలు పచ్చగా ఉన్నాయి. ఏం చెప్పాలో వంద రకాలుగా అనుకున్నాను. ఇంట్లోకి అడుగుపెట్టేసరికి అందులో ఒక్కటీ నోటికి రాలేదు.

తీగ ఒకసారి చూద్దామని వచ్చానని మాత్రం అన్నాను. ఎలుకలేమన్నా కొట్టినయ్యా అని అడిగింది మాస్టారి భార్య. అయ్యుండొచ్చమ్మా అన్నాను. చూడండి, తప్పు దిద్దుకోవటానికి వెళ్ళి గడపలోనే ఇంకో అబద్ధం.

పాత తీగకు కొత్తవి రెండూ కట్టి, సబ్బు రాసి, నెమ్మదిగా లాగాను. వంపు దగ్గర ఆగింది. వెనక్కి వదిలి, మళ్ళీ లాగి, అలా గంటసేపు పట్టింది. రెండూ వచ్చాయి. బయటికొచ్చిన పాత తీగను మాస్టారు చేతిలోకి తీసుకుని, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వేళ్ళ మధ్య నుంచి పోనిచ్చి చూశాడు. ఎక్కడా గాటు లేదే అని, చుట్టచుట్టి పక్కన పెట్టాడు. నేను వినపడనట్టు సోల్డరు చేసుకుంటున్నాను. తెలుపుకి తెలుపు, ఎరుపుకి ఎరుపు.

డిస్కు పెట్టాను. పద్యం మొదలైంది. రాజు గొంతు ఎడమ స్పీకర్లోకి జరిగింది. కుడి స్పీకర్లోంచి, అంతదాకా ఎక్కడుందో తెలియని హార్మోనియం, హాలు మధ్యలో పెట్టి వాయిస్తున్నట్టు లేచింది. వీడియో తీసినతను నటుల మైకును ఒకవైపుకి, హార్మోనియం మైకును ఇంకోవైపుకి ఇచ్చాడన్నమాట. నేను ఎడమవైపు ఒక్కటే తెచ్చి రెండు పక్కలా మోగించాను. నటుల మైకులోకి దూరం నుంచి వచ్చిపడిన కాస్త హార్మోనియమే ఇన్ని నెలలూ ఆ ఇంట్లో వినపడింది. ఆ ఖాళీ ఎర్ర సాకెట్టులో మాస్టారి సంగీతమంతా ఉండిపోయింది.

వాళ్ళావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఆమెకూ తేడా తెలిసింది. మాస్టారు పద్యం అయ్యేదాకా కదల్లేదు. తర్వాత నా వైపు చూడకుండా అడిగాడు.

"ఎలుకలు కాదు కదయ్యా?"

"కాదండీ. మొదటి రోజు రెండు తీగలు వెయ్యాల్సింది, ఒకటే వేశాను. నాకు తెలుసండీ. మీ చెవులకేం కాలేదు."

కోపం వస్తుందనుకున్నాను. వస్తే బాగుండుననుకున్నాను. ఆయన చెవి మీద చెయ్యి పెట్టుకుని, ఏదో తప్పు చేశాడని ఇంట్లోంచి పంపేస్తే ఇంతకాలానికి తిరిగొచ్చిన మనిషిని తడిమినట్టు తడుముకున్నాడు.

"తప్పు నీదొక్కడిదే కాదులే. నలభై ఏళ్ళు నా చెవి చెప్పిందే విన్నా. దాన్ని కాదని నిన్ను నమ్మాను చూడు," అన్నాడు.

ఆ తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. ఆయన మళ్ళీ స్టేజీ ఎక్కాడు. కానీ తన పాత సమాజంలో కాదు. అక్కడ చీరాల అతను కుదురుకున్నాడు, అతన్ని తీసెయ్యమనటం మాస్టారికి ఇష్టం లేకపోయింది. పొన్నూరు వైపు ఒక చిన్న సమాజంతో నాలుగేళ్ళు వాయించాడు. రాజు గొంతున్న ఆ నటుడికీ, ఈయనకీ మధ్య ఉన్న జోడీ మాత్రం మళ్ళీ కలవలేదు. ఆ డిస్కే వాళ్ళిద్దరి ఆఖరిది. దానికి నేను కారణం. కొత్త తీగతో అది తిరిగిరాలేదు.

తీగలు మార్చిన ఆ రోజు మధ్యాహ్నం మాస్టారు గదిలోంచి హార్మోనియం తెప్పించాడు. దాని మీద కప్పిన దుప్పటి తీసి, తిత్తి కదిపాడు. కళ్ళు మూసుకుని ఇందాకటి పద్యాన్నే వాయించాడు, మొదట నెమ్మదిగా, తర్వాత ఎవరో ఎదురుగా పాడుతున్నట్టు అక్కడక్కడా ఆగి, అందుకుంటూ. అయ్యాక చెమట తుడుచుకుని నన్నడిగాడు.

"ఏదన్నా స్వరం తప్పిందా?"

బాగుందండీ, అద్భుతమండీ అనే మాటలు నా నాలిక చివర సిద్ధంగానే ఉన్నాయి. వాటిని మింగటానికి కొంచెం సమయం పట్టింది.

"నాకు తెలీదండీ. నాకు సంగీతం రాదు."

ఆయన తల ఊపాడు. తిత్తి మీదికి మళ్ళీ చెయ్యి పోనిచ్చాడు.

"ఈ మాట ఆ రోజే అని ఉండాల్సిందయ్యా," అని, పద్యం మొదటి నుంచి ఎత్తుకున్నాడు.